నాలుగు గంటల కరెంటులో ఏది ముందు నింపాలి? ఫాస్ట్ ఛార్జింగ్ అసలు లెక్క

ఈ వారం ఎపిసోడ్‌లో అంకెలు ఎక్కువ దొర్లాయి. డ్యూటీకి పోతూ బస్సులో వినేవాళ్లకి అన్ని వాట్లూ వోల్టులూ గుర్తుండవు. అందుకే మాట్లాడిన దాన్ని కొంచెం వివరంగా ఇక్కడ రాసి పెడుతున్నాం. షాపులో నిలబడి కొనేటప్పుడు తెరిచి చూసుకోవడానికి పనికొస్తుంది.

ముందుగా ఎపిసోడ్‌లోని ఒక ముక్క.

శ్రోత (యాంగోన్): అన్నా, మాది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ లైంగ్ తాయా వైపు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మెషిన్లు బాగుచేస్తాను. మా వీధికి సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కరెంటు వంతు. నేను రూముకొచ్చేసరికి ఆరు. మొన్న రాత్రి ఫోను ఆగిపోయింది, పవర్ బ్యాంకూ అయిపోయింది. ఆ రాత్రే నాన్నకి ఒంట్లో బాగోక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అమ్మ పదకొండు సార్లు ఫోన్ చేసిందట. నాకు తెల్లారి ఫ్యాక్టరీకెళ్లి ఛార్జింగ్ పెట్టాక తెలిసింది.

హోస్ట్: అయ్యో. ఇప్పుడెలా ఉన్నారు?

శ్రోత: ఇంటికొచ్చేశారన్నా, పర్లేదు. నాకర్థం కానిది ఏటంటే, రెండు నెలల కిందటే వంద వాట్ల ఛార్జర్ కొన్నాను. అయినా పవర్ బ్యాంక్ మూడు గంటల్లో సగం కూడా నిండదు. డూప్లికేట్ అంటగట్టారా?

హోస్ట్: పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉంటుంది. అక్కడేముందో చదువు తమ్ముడూ.

శ్రోత: ఐదు వోల్టులు, రెండు ఆంపియర్లు.

హోస్ట్: దొరికింది. ఛార్జర్‌ది తప్పు కాదు.

ఆ "దొరికింది" అన్న మాట వెనక ఉన్న కథే ఈ వ్యాసం.

ముందు యాంగోన్ సంగతి

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లకి ఆ ఊరు కొత్త కాదు. ముత్తాతల కాలంలో దాన్ని "రంగం" అనేవాళ్లు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి వెళ్లి అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి పేరు మీదే బర్మా వాళ్లు మనవాళ్లకి "కోరింగీ" అని పేరు పెట్టారు. అప్పట్లో ఇంటి కబురు తెలియాలంటే ఓడ రావాలి, ఉత్తరం రావాలి. ఇప్పుడు వీడియో కాల్ నొక్కితే అమ్మ ముఖం కనబడుతుంది. కానీ దానికి ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి కదా.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం తీసుకున్న తర్వాత మయన్మార్‌లో కరెంటు పరిస్థితి దిగజారుతూ వచ్చింది. దిగుమతి గ్యాస్‌తో నడిచే కేంద్రాలు ఆగిపోయాయి, హై టెన్షన్ లైన్లు పోరులో దెబ్బతిన్నాయి. దేశపు కరెంటులో పెద్ద వాటా జల విద్యుత్తుది, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే అదీ తగ్గుతుంది. 2025 మార్చి 28న సగాయింగ్, మాండలే ప్రాంతంలో వచ్చిన 7.7 తీవ్రత భూకంపం దాని మీద ఇంకో దెబ్బ. దాంతో యాంగోన్‌లో పేటలవారీగా నాలుగేసి గంటల వంతులు వేసి కరెంటు ఇవ్వడం మామూలైపోయింది. ఆ వంతు కూడా చెప్పిన వేళకి వస్తుందన్న నమ్మకం లేదు. కరెంటు రాగానే వీధంతా "మీ లా బీ" అని కేకలు వినిపిస్తాయి. దీపం వచ్చేసింది అని అర్థం. ఆ కేక వినగానే మోటారు, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, ఫోన్లు అన్నీ ఒక్కసారే మొదలవుతాయి.

ఇలాంటి చోట ఫాస్ట్ ఛార్జింగ్ సోకు కోసం కాదు. ఉన్న కాస్త టైములో ఎంత పట్టి దాచుకోగలం అన్నదే ప్రశ్న.

కుళాయి, బిందె, బిందె మూతి

మన టౌన్లలో మున్సిపాలిటీ కుళాయి గంటసేపు వస్తుంది. బిందెలన్నీ వరసలో పెడతాం. నీళ్ల ఒత్తిడిని వోల్టు అనుకోండి. ధార లావు ఎంతో అది ఆంపియర్. ఆ రెంటినీ గుణిస్తే వచ్చేది వాట్, అంటే బిందె ఎంత జోరుగా నిండుతోంది అన్నది.

పాత ఛార్జర్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు. అంటే 10 వాట్లు. ఈ రోజుల్లో మామూలు లాప్‌టాప్ ఛార్జర్ 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు. అంటే 65 వాట్లు.

బిందె పరిమాణాన్ని వాట్-అవర్‌లో కొలుస్తారు. పవర్ బ్యాంక్ మీద ఎంఏహెచ్ అని ఉంటుంది కదా, దాన్ని వెయ్యితో భాగించి 3.7తో గుణిస్తే వాట్-అవర్ వస్తుంది. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు:

- 5,000 ఎంఏహెచ్ ఫోను: సుమారు 19 వాట్-అవర్లు
- మామూలు లాప్‌టాప్: 50 నుంచి 60 వాట్-అవర్లు
- 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్: 74 వాట్-అవర్లు

చూశారా, మన దగ్గరున్న వాటిలో పెద్ద బిందె పవర్ బ్యాంకే. చాలామంది పవర్ బ్యాంకులకి మూతి మాత్రం సన్నగా ఉంటుంది. మన తమ్ముడిది 10 వాట్ల మూతి. 74 వాట్-అవర్ల బిందెని 10 వాట్ల ధారతో నింపాలంటే వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుని దాదాపు తొమ్మిది గంటలు. మూడు గంటల్లో మూడో వంతు నిండుతుంది. అవతల వంద వాట్ల ఛార్జర్ పెట్టినా, రెండు వందల వాట్లది పెట్టినా ఇంతే.

ముగ్గురూ ఒప్పుకుంటేనే వేగం

ఇప్పటి టైప్-సి ఛార్జింగ్‌లో ముగ్గురు ఉంటారు: ఛార్జర్, వైరు, నింపుకునే వస్తువు. ముగ్గురిలో ఎవరి శక్తి తక్కువో వేగం అంతే.

యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే పద్ధతిలో ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత "నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయి, ఒక్కోదానికి ఇన్ని ఆంపియర్లు ఇవ్వగలను" అని జాబితా పంపుతుంది. ఫోను అందులో తనకి కావలసింది అడుగుతుంది. ఒప్పందం కుదిరాకే వోల్టేజి పెరుగుతుంది. అందుకే "పెద్ద ఛార్జర్ పెడితే చిన్న ఫోను కాలిపోతుందా?" అనే భయం అక్కర్లేదు. సరైన ఛార్జర్ అయితే ఫోను అడిగినంతే ఇస్తుంది. లాప్‌టాప్ 65 వాట్ల ఛార్జర్‌తో ఫోన్ నింపుకోవచ్చు.

ఈ పద్ధతిలో చాలాకాలం 100 వాట్లే గరిష్ఠం. 2021లో వచ్చిన 3.1 వెర్షన్ దాన్ని 48 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 240 వాట్ల దాకా తీసుకెళ్లింది. అదే ఏడాది వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకి 140 వాట్ల ఛార్జర్ ఇచ్చారు. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకీ ట్యాబ్‌లకీ టైప్-సి తప్పనిసరి అయింది, లాప్‌టాప్‌లకి గడువు 2026 ఏప్రిల్ 28. మనకి దీనివల్ల కలిగే లాభం ఒకటే: సూట్‌కేసులో నాలుగు ఛార్జర్ల బదులు ఒకటి మోస్తే సరిపోయే రోజు వచ్చింది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి.

మొదటిది వైరు. రెండు టైప్-సి వైర్లు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మామూలు టైప్-సి వైరు 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే వైరు కొసలో చిన్న గుర్తింపు చిప్ ఉండాలి. అది "నేను 5 ఆంపియర్లు మోయగలను" అని చెప్పకపోతే ఛార్జర్ ఇవ్వదు. వంద వాట్ల ఛార్జర్ కొని పాత వైరుతో పెడితే మీ చేతికొచ్చేది 60 వాట్లే. వైరు మీద గానీ ప్యాకెట్ మీద గానీ ఎన్ని వాట్లో రాసి ఉందో చూసి కొనండి.

రెండోది ఫోన్ కంపెనీల సొంత పద్ధతులు. ఒప్పో, వన్‌ప్లస్, వివో, షావోమీ ఫోన్లలో 67 వాట్లు, 80 వాట్లు, 120 వాట్లు అని రాస్తారు. ఆ వేగం వాళ్ల ఛార్జర్, వాళ్ల వైరు రెండూ ఉంటేనే. బయటి పవర్ డెలివరీ ఛార్జర్ పెడితే చాలా మోడళ్లు అంతకన్నా బాగా తక్కువకి దిగిపోతాయి. శాంసంగ్‌లో 45 వాట్ల ఫోన్లకి పీపీఎస్ అనే సదుపాయం ఉన్న ఛార్జరూ, 5 ఆంపియర్ల వైరూ కావాలి. ఐఫోన్ 8 నుంచి వచ్చిన వాటిలో చాలా వరకు 20 వాట్ల ఛార్జర్‌తోనే అరగంటలో సగం నిండుతాయని ఆపిల్ చెబుతుంది. కాబట్టి ఫోన్‌తో పాటు వచ్చిన ఛార్జర్, వైరు బాగుంటే వాటిని పారేయకండి, వేరే వైరుతో కలపకండి.

నాలుగు గంటల లెక్క

ఫోను 19, లాప్‌టాప్ 55, పవర్ బ్యాంక్ 74. మూడూ పూర్తిగా ఖాళీ అనుకుంటే మొత్తం 148. దారిలో పోయే నష్టం కలుపుకుంటే సుమారు 175 వాట్-అవర్లు. నాలుగు గంటలకి పంచితే సగటున 44 వాట్లు.

అంటే 240 వాట్లు, 140 వాట్లు మనకి అక్కర్లేదు. రెండు పోర్టులున్న 65 వాట్ల ఛార్జర్ ఒకటి చాలు. కాకపోతే పవర్ బ్యాంక్ మూతి పెద్దది కావాలి. అదే 20,000 బ్యాంక్ ఎంత సేపట్లో నిండుతుందో చూడండి:

- 10 వాట్ల ఇన్‌పుట్: దాదాపు 9 గంటలు
- 18 వాట్ల ఇన్‌పుట్: దాదాపు 5 గంటలు
- 45 వాట్ల ఇన్‌పుట్: దాదాపు 2 గంటలు

డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో "22.5 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్" అని వేసేది చాలాసార్లు అవుట్‌పుట్ సంగతి, అంటే అది మీ ఫోనుకి ఇచ్చే వేగం. అది నిండే వేగం ఇన్‌పుట్ వరసలో విడిగా ఉంటుంది. కరెంటు ఎప్పుడూ ఉండే చోట రాత్రంతా పెట్టేసి పడుకుంటాం కాబట్టి ఇన్‌పుట్ ఎవరూ చూడరు. వంతుల కరెంటున్న చోట ముందు చూడాల్సింది అదే.

ఇంకొక మాట. రెండు పోర్టులున్న 65 వాట్ల ఛార్జర్‌లో రెండూ పెడితే వాటాలు పంచుకుంటాయి, ఒకదానికి 45, రెండోదానికి 20 అన్నట్టు. మోడల్‌ని బట్టి ఈ వాటాలు మారతాయి, డబ్బా మీద రాసి ఉంటుంది. రెండోది పెట్టినప్పుడు, తీసినప్పుడు మొదటిది ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవడం కూడా మామూలే. కంగారు పడొద్దు.

ఎనభై దాటాక ఎదురు చూడకండి

లిథియం బ్యాటరీ మొదట్లో జోరుగా తీసుకుంటుంది. సుమారు 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది. గ్లాసు అంచు దాకా నింపేటప్పుడు మనం ధార తగ్గిస్తాం కదా, లేకపోతే పొర్లిపోతుంది. బ్యాటరీలో పొర్లితే ప్రమాదం, అందుకే లోపలి సర్క్యూటే ధార తగ్గిస్తుంది. చివరి ఇరవై శాతానికి పట్టే టైములో ఇంకో వస్తువు సగం నిండిపోతుంది.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పద్ధతి ఇది. ఫోనూ పవర్ బ్యాంకూ ముందు పెట్టండి. ఫోను 80 దాటగానే తీసేసి ఆ పోర్టుకి లాప్‌టాప్ తగిలించండి. పవర్ బ్యాంక్ 80 దాటాక మొత్తం ధార లాప్‌టాప్‌కి వదిలేయండి. ఇంకా కరెంటుంటే అప్పుడు అన్నీ వందకి తెచ్చుకోవచ్చు. ఫ్యాక్టరీలో జనరేటర్ ఉంటే, మేనేజర్ ఒప్పుకుంటే, లాప్‌టాప్ అక్కడే నింపుకుని రండి. రూములో కరెంటు ఫోనుకీ బ్యాంకుకీ మిగులుతుంది.

పవర్ బ్యాంక్‌లో ఉన్న 74లో చేతికొచ్చేది 60 చిల్లర. ఫోను మూడు సార్లు నిండుతుంది. అదే బ్యాంక్‌తో లాప్‌టాప్ నింపితే ఒక్కసారికే ఖాళీ. రాత్రి సినిమా చూడాలా, తెల్లారి దాకా ఫోను బతికుండాలా అన్నది అక్కడ తేల్చుకోవాలి.

కరెంటు వచ్చిన మొదటి ఐదు నిమిషాలు

పేట మొత్తానికి ఒక్కసారి కరెంటు వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరి పడుతుంది. "మీ లా బీ" వినగానే ప్లగ్ పెట్టకుండా ఐదు నిమిషాలు ఆగండి. లైటు మినుకుమినుకుమనడం ఆగిందా చూసుకోండి. చాలా ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, మయన్మార్‌లో ఉండాల్సింది 230. తక్కువైతే పర్లేదు, ఒక్కసారిగా ఎక్కువైతేనే చిక్కు. సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న బోర్డు కొనుక్కోవడం తెలివైన ఖర్చు.

అక్కడ ప్లగ్గులదీ ఒక గోల. మన గుండ్రటి పిన్నులవీ, బ్రిటిష్ వాళ్ల చదరపు పిన్నులవీ, రెండు పిన్నులవీ అన్నీ కనబడతాయి. ఏ ప్లగ్ అయినా దూరే బోర్డులో చాలాసార్లు ఏదీ గట్టిగా పట్టదు. వదులుగా ఉన్న చోట నిప్పురవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. వేలితో తాకితే ప్లగ్ వేడిగా ఉంటే ఆ బోర్డు మార్చేయాల్సిందే.

రూములో 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు చాలామంది ఇన్వర్టర్ పెట్టి, దానికి ఫోన్ ఛార్జర్ పెడతారు. 12ని 230 చేసి, మళ్లీ దాన్ని 9కో 20కో దించడం అంటే రెండు చోట్ల నష్టం. కారులో వాడే 12 వోల్టుల పవర్ డెలివరీ ఛార్జర్‌ని ఫ్యూజ్‌తో నేరుగా బ్యాటరీకి కలిపించుకుంటే ఇన్వర్టర్ నష్టం మిగులుతుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి.

వేడి గురించి ఒక్క మాట. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ మంచిది కాదు, మంచి ఫోన్లు తామే వేగం తగ్గించుకుంటాయి. ఏప్రిల్‌లో యాంగోన్ గది, జూలైలో గల్ఫ్ గది రెండూ పొయ్యిలే. ఛార్జింగ్‌లో పెట్టిన ఫోను దిండు కింద వద్దు, దుప్పట్లో వద్దు. దాని మీద వీడియో కాల్ మాట్లాడుతుంటే నెమ్మదిగా నిండుతుంది, వేడీ పెరుగుతుంది. బ్యాటరీ ఉబ్బితే ఆ రోజే వాడకం ఆపేయాలి. సూదితో పొడవడం, నొక్కి సరిచేయడం లాంటివి ప్రాణం మీదికి తెస్తాయి.

గల్ఫ్ రూముల్లో ఉన్నవాళ్లకి

మీకు కరెంటు కొరత లేదు, సాకెట్ల కొరత ఉంది. ఆరుగురికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆరు ఫోన్ల ఛార్జర్లు కలిపినా రెండు, మూడు వందల వాట్లే. దానికే కెటిల్, ఇండక్షన్ పొయ్యి కూడా తగిలిస్తే అసలు భారం అదే. వంట సామాను గోడ సాకెట్‌కి, ఛార్జర్లు బోర్డుకి. ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకున్న రూములో నిప్పు భయం చాలా తగ్గుతుంది.

కొనేటప్పుడు, విమానం ఎక్కేటప్పుడు

పవర్ బ్యాంక్ చేతిలోకి తీసుకుని బరువు చూడండి. 20,000 ఎంఏహెచ్ అంటే మామూలుగా 350 నుంచి 450 గ్రాములు తూగుతుంది. 50,000 అని రాసి, గుప్పెట్లో పట్టి, తేలిగ్గా ఉంటే అది అబద్ధం.

లాప్‌టాప్‌కి టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన అది ఛార్జింగ్ తీసుకుంటుందని లేదు. పోర్టు పక్కన ప్లగ్ గుర్తు, లేదా పీడీ అని ఉందేమో చూడండి. లేకపోతే షాపులోనే ఒకసారి పెట్టి చూపించమనండి.

విమానంలో పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, అంటే 27,000 ఎంఏహెచ్. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో టేకాఫ్‌కి ముందు ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయాక నిబంధనలు బిగిశాయి. థాయ్ ఎయిర్‌వేస్ 2025 మార్చి 15 నుంచి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వడం లేదు. ఎమిరేట్స్ అక్టోబర్ 1 నుంచి ఒక్కరికి ఒక్కటే, అదీ 100 వాట్-అవర్ల లోపుదే తీసుకెళ్లనిస్తోంది, విమానంలో వాడకం నిషేధం. అంకెలు చెరిగిపోయిన బ్యాంక్‌ని సెక్యూరిటీ వాళ్లు తీసేసుకోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ తీసుకున్నప్పుడే ఎయిర్‌లైన్ పేజీలో చూసుకోండి.

తమ్ముడి రూముకి తిరిగొస్తే

ఆయన వంద వాట్ల ఛార్జర్ అలాగే ఉంది. 45 వాట్లు తీసుకునే 20,000 బ్యాంక్ ఒకటి కొన్నాడు. 60 వాట్ల వైరు దానికి సరిపోతుంది కాబట్టి కొత్త వైరు ఖర్చు తప్పింది. ఆరింటికి రూముకొచ్చి, ఐదు నిమిషాలు ఆగి, ఫోనూ బ్యాంకూ పెడితే ఎనిమిదిన్నరకల్లా రెండూ నిండుతున్నాయట. అప్పుడు శ్రీకాకుళంలో ఏడున్నర, ఇంట్లో అన్నాలు తినే వేళ. ఆ వేళకే ఫోన్ చేస్తున్నాడు. పడుకునే ముందు ఫోను బ్యాంక్ పక్కన పెట్టి, అమ్మ నంబరుకి మాత్రం రింగ్ పెద్దగా పెట్టుకుంటున్నాడు.

మీరుండే చోట కరెంటు ఎలా ఉందో, ఏ పవర్ బ్యాంక్ మాట నిలబెట్టుకుందో, ఏది మోసం చేసిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వెనకున్న ఇన్‌పుట్ వరస ఫోటో తీసి పంపితే వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చదువుదాం. అందాకా, ఈ రాత్రి పడుకునే ముందు మీ పవర్ బ్యాంక్ ఒకసారి తిరగేసి చూడండి.